నా పేర పంచిన రొట్టె

రొట్టెతో మనిషిని చేయు దేశము ఒకటి కలదు. డిసెంబరు నెల మొదటి దినములలో స్విట్జర్లాండునందు, ముఖ్యముగా జర్మను మాటలాడు ప్రాంతములలో, ఏ రొట్టెల దుకాణము ఎదుట నిలిచినను అద్దము వెనుక చిన్న మనుష్యులు వరుసగా పండుకొని కనబడుదురు. కన్నులకు ఎండు ద్రాక్షపండ్లు, చొక్కా గుండీలకును ఎండు ద్రాక్షపండ్లే. చేతులు నడుమున పెట్టుకొని, కాళ్లు రెండును ఎడముగా చాపి, ఎవరికిని అప్పు లేనివారివలె నిశ్చింతగా నుందురు.

జూరిచ్ పట్టణపువారు ఆ రొట్టె మనిషిని గ్రిట్టిబెంట్స్ అందురు. కాళ్లు ఎడముగా పెట్టినవాడని మొదటి మాటకు అర్థము. బెంట్స్ అనునది బెనెడిక్టు అను పేరునకు కురుచ పేరు. ఒకప్పుడు ఆ పేరు అచ్చట ఎంత సామాన్యమైనదనగా, మనము ఎల్లయ్య, పుల్లయ్య అనునట్లు ఎవరినైనను ఆ పేరుతో చెప్పెడివారు. బాసెల్ పట్టణమువారు వానినే గ్రెట్టిమా అందురు. సరిహద్దు దాటి ఫ్రాన్సు దేశపు అల్సేస్ లోనికి పోయినచో మన్నెలే అని పేరు. జర్మనీలో రైను నదీ ప్రాంతమున వెక్‌మన్ అని పిలిచి, వాని చేతికొక మట్టి పొగగొట్టము నిత్తురు.

ఆ రొట్టె మనుష్యులలో ఒకడు నాకు నేర్పిన పాఠమును చదువరులతో చెప్పుకొన గోరుచున్నాను. ఇది నాకు గౌరవము తెచ్చు సంగతి కాదు. అయినను చెప్పకుండుట నాకు మేలు కాదు.

బాసెల్ అను పేరు చిన్ననాటి నుండియు నేనెరుగుదును. గుంటూరు జిల్లాలో మా తాతగారి ఇంటి పెంకుల వెనుక భాగమున ఆ పేరు అచ్చొత్తి యుండెను. బాసెల్ మిషనువారు 1865లో మంగళూరులో పెంకుల కార్ఖానా పెట్టిరి. ఆ పెంకులు ఓడలమీదను రైళ్లమీదను దూర ప్రాంతములకు పోయెను. వానకాలమునకు ముందు తాతగారు కప్పు సరిచేయుచు, పగిలిన పెంకు నా చేతికిచ్చి ఆ అక్షరములు చదివించెడివారు. ఆ పేరుగల ఊరు ఒకనాడు నా కుమార్తెను నాయొద్దనుండి తీసికొనిపోవునని నేనప్పుడు తలంపలేదు.

మా అమ్మాయి పైచదువునకు బాసెల్ వెళ్లెను. 1460లో స్థాపింపబడిన విశ్వవిద్యాలయమచ్చట కలదు. చదువు ముగియకముందే, తనతోకూడ పనిచేయు ఒక స్విస్ యువకుని పెండ్లి చేసికొనుటకు నిశ్చయించుకొని నాకు ఉత్తరము వ్రాసెను. అది 2014వ సంవత్సరము. అప్పటికి మావారు ప్రభువునందు నిద్రించి మూడేండ్లయినది. ఆ యువకుడు కట్నము అడుగలేదు. నా అనుమతి మాత్రము అడిగెను. నేను ఇయ్యనైతిని. మన భాష కాదు, మన మనుష్యులు కారు, సంఘములో నలుగురు ఏమందురో అని వంద కారణములు చెప్పితిని. నన్నడుగక ముందే నిశ్చయించుకొన్నదను కోపమే అసలు కారణము.

పెండ్లికి వెళ్లలేదు. అతని తల్లి ప్రేమతో వ్రాయించిన ఉత్తరమునకు జవాబు వ్రాయలేదు. 2018లో మనుమడు పుట్టెనని విన్నప్పుడు తలుపు మూసికొని ఏడ్చితినిగాని, చూచెదనని నోరు తెరచి చెప్పలేదు. క్రిస్మసునాడు అమ్మాయి ఫోను చేసినప్పుడెల్లను, బాగున్నానని ఒక మాట, బాగున్నారా అని ఒక మాట. అంతటితో సరి. ఆదివారము ఆదివారము గుడిలో ప్రభువు నేర్పిన ప్రార్థన చెప్పుచునేయుంటిని. క్షమించుటను గూర్చిన మాట వచ్చినచోట నా స్వరము దానంతటదే తగ్గిపోవుచుండెను. ప్రక్కవారికది తెలిసియుండదు.

తొమ్మిదేండ్లు ఇట్లు గడచెను. 2023 నవంబరులో అమ్మాయికి రెండవ కాన్పు కష్టమై, ఆడపిల్ల పుట్టెనుగాని తల్లి మిక్కిలి నీరసించెను. అల్లుడు ఫోను చేసి, వచ్చీరాని తెలుగులో, “అత్తగారూ, రండి” అనెను. ఆ రెండు మాటలు నాతో చెప్పుటకే నేర్చుకొన్నాడట. పురుడనగా ఏ తల్లి మనస్సు నిలుచును? కోపము నాతోనే విమానమెక్కినది. అయినను నేను వెళ్లితిని.

వారి ఇల్లు రైను నదికి ఇవతలి గట్టున, క్లైన్‌బాసెల్ అను భాగములో నున్నది. క్రింద మా వియ్యపురాలు ఉందురు, పైన అమ్మాయి కుటుంబము. వియ్యపురాలు 1947లో పుట్టినవారు. భర్త పోయి నాలుగేండ్లు. ఆమెకు తెలుగు రాదు, నాకు వారి భాష రాదు. మన వైపు మర్యాదనుబట్టి నేనామెను “వదినగారూ” అని పిలిచితిని. ఆమె ఆ మాటను రెండుసార్లు నెమ్మదిగా పలికి, తానును నన్నట్లే పిలువసాగిరి. నా తప్పునుగూర్చి ఆమె ఒక్క మాటయైనను అడుగలేదు. అడిగినచో పోట్లాడుటకు నేను మాటలు సిద్ధపరచుకొని యుంటిని. అడుగనందున ఆ మాటలు నాలోనే పులిసిపోయినవి.

డిసెంబరు 5వ తేదీ మంగళవారము మధ్యాహ్నము వదినగారు నన్ను క్రింది వంటగదిలోనికి పిలిచిరి. మనుమడు అప్పటికే కుర్చీమీద నిలువబడి చేతులు కడుగుకొని యుండెను. అమ్మాయి పసిపిల్లను ఒడిలో పెట్టుకొని మూలను కూర్చుండెను, మాకు మాటలందించుటకు. మరునాడు 6వ తేదీ నికొలా దినము. ఆ ఉదయమున ఫలాహారమునకు ఇంటింట ఆ రొట్టె మనిషి యుండవలెను. అంగడిలో కొనువారును కలరుగాని, వదినగారి ఇంట పిల్లలతోకూడ చేయుటయే వాడుక.

ఒక కిలో తెల్లని గోధుమపిండి. ఒక పెద్ద చెంచాడు ఉప్పు. నాలుగు చెంచాల పంచదార. ఈస్టు ఆ దేశములో 42 గ్రాముల చిన్న దిమ్మగా అమ్ముదురు, అట్టిది ఒకటి. 120 గ్రాముల వెన్న. గోరువెచ్చని పాలు 600 మిల్లీలీటర్లు. పాలు వేడియైనచో ఈస్టు చచ్చును, చల్లనైనచో నిద్రించును. మనము పాలు తోడుపెట్టునప్పుడు వ్రేలు ముంచి చూచునట్లే వదినగారును వ్రేలు ముంచి చూచిరి. అది చూచి నాకు నవ్వు వచ్చెను. ఆ ఇంట నేను నవ్వుట అదియే మొదటిసారి.

పిండిని పావుగంటసేపు బల్లమీద మర్దించితిమి. మొదట వ్రేళ్లకంటుకొని, పిమ్మట నునుపై, చివరకు పసిపిల్ల చెక్కిలివలె మెత్తనగును. ఇదే పిండితో వారు శనివారమున త్సోప్ఫ్ అను రొట్టె చేసి ఆదివారము ఉదయమున వెన్న పూసికొని తిందురు. త్సోప్ఫ్ అనగా జడ. పిండిని పొడవుగా సాగదీసి మనము జడ అల్లునట్లే అల్లుదురు. కాబట్టి ఈ రొట్టె మనిషి ఆ ఇంట క్రొత్తవాడు కాడు. ప్రతివారము చేయు పిండియే సంవత్సరమున కొక్కసారి మనిషి రూపము దాల్చును.

పిండి పొంగుటకు దగ్గర దగ్గర రెండు గంటలు పట్టును. గిన్నెమీద తడిగుడ్డ కప్పి కూర్చుంటిమి. అప్పుడు నా మనస్సులోనున్న అనుమానము పైకి వచ్చెను. మా ఇంట బొమ్మలు పెట్టు అలవాటు లేదు. మా అమ్మమ్మ ఈ విషయమున మిక్కిలి ఖండితముగా పెంచినది. పరిశుద్ధుని పండుగకు మనిషి బొమ్మ చేయుట మనకు తగునా అని అమ్మాయిచేత అడిగించితిని.

వదినగారు కోపగించుకొనలేదు. ఆమెయు మనవలె దిద్దుబాటు సంఘమునకు చెందినవారే. ఆ ఊరిలో 1529 ఫిబ్రవరిలో జనులు పెద్ద గుడిలో చొరబడి విగ్రహములను పగులగొట్టి, మిగిలినవానిని తగులబెట్టిరట. అట్టి ఊరు ఈ పిండి మనిషిని మాత్రము వదలలేదు. మొదట వీడు తలకు కిరీటమువంటి టోపీ, చేత దండము గల బిషప్పు రూపమనియు, కాలక్రమమున టోపీయు దండమును పోయి వట్టి మనిషి మిగిలెననియు కొందరు చెప్పుదురు. జర్మనుల వెక్‌మన్ చేతి పొగగొట్టము తలక్రిందులైన బిషప్పు దండమే అనువారును కలరు. వదినగారు ఇవన్నియు చెప్పి, “దీనికి ఎవరును మ్రొక్కరు. పిల్లవాడు మొదట కాలు కొరుకును” అనిరి. మనుమడు వెంటనే, “నేను తల!” అనెను.

నికొలా అను ఆయన నాలుగవ శతాబ్దమున మూర పట్టణమునకు బిషప్పుగా నుండెను. పౌలు రోమాకు పోవుచు ఓడ మారిన మూర అదియే. ఇప్పుడు టర్కీ దేశములో దెమ్రె అను ఊరి యొద్దనున్నది. ఆయననుగూర్చి చెప్పుకొను కథలలో మిక్కిలి పేరుపొందినది ముగ్గురు ఆడపిల్లల కథ. వారి తండ్రి బీదవాడు. కట్నమియ్యలేక పిల్లలను చెడుత్రోవకు అమ్ముకొను దుస్థితి వచ్చెను. నికొలా రాత్రివేళ కిటికీలోనుండి బంగారపు మూట పడవేసి వెళ్లిపోయెను. రెండవ బిడ్డకొరకును అట్లే చేసెను. మూడవసారి తండ్రి పొంచియుండి పట్టుకొనగా, తాను బ్రదికియున్నంతకాలము ఈ సంగతి ఎవరితోను చెప్పవద్దని ఆయన వేడుకొనెనట.

ఇది కథయే. అయినను అమ్మాయి దానిని తెలుగులో చెప్పుచుండగా నేను తల వంచుకొంటిని. కట్నము లేక కన్నీరు కార్చిన ఇండ్లు మన ఊళ్లలో ఎన్ని చూడలేదు? అట్టి దేశమునుండి వచ్చిన నేను, కట్నమడుగని అల్లుని గుమ్మము బయట నిలువబెట్టితిని.

పిండి రెట్టింపు పొంగెను. వదినగారు దానిని బల్లమీద వేసి కత్తితో భాగములు చేసిరి. ఇంటి ఇల్లాలికి లెక్క చూచు అలవాటు పోదు గనుక నేను లెక్కించితిని. ఏడు పెద్దవి, ఒకటి చిన్నది. వదినగారు, అల్లుడు, అమ్మాయి, మనుమడు, నేను: ఐదుగురము. చిన్నది పసిపిల్ల పేర, దానిని తల్లి తినును. ఆరవది జెనీవాలోనున్న వదినగారి కుమార్తెకు, ఆదివారమున ఆమె వచ్చునట. మరి ఏడవది?

నేనడుగగా అమ్మాయి వెంటనే చెప్పలేదు. అత్తగారివైపు చూచెను. పిమ్మట, “ప్రక్కింటి అమ్మగారికి అమ్మా. దానిని ఈ సంవత్సరము నీ చేతులతో నీవే చేయవలెనని అత్తయ్య కోరిక” అనెను. అతిథికి ఇచ్చు గౌరవమని తలంచి సరేయంటిని.

మనిషిని చేయుట చూచుటకు సులభము. పిండిని కోలగా దొర్లించవలెను. పైనుండి నాలుగవవంతు వద్ద రెండు చేతులతో నొక్కి మెడ చేయవలెను. క్రిందిభాగమును నడిమికి కోసినచో కాళ్లు. ప్రక్కలను ఏటవాలుగా కోసినచో చేతులు. కాళ్లను మిక్కిలి ఎడముగా లాగి పెట్టవలెను. లేనియెడల ఓవెనులో పొంగి రెండును ఒకటై పోవును. వాని పేరు నాకు అప్పుడు బాగుగా అర్థమైనది. ద్రాక్షపండ్లను పైపైన పెట్టినచో వేడికి పొంగి రాలిపోవును గనుక లోతుగా గ్రుచ్చవలెను. మనుమడు తన మనిషికి పదకొండు గుండీలు పెట్టెను. కొందరు వాని చంకలో ఒక చిన్న పుల్ల పెట్టుదురు. అది బెత్తమునకు గుర్తు. 6వ తేదీ సాయంకాలము ఎఱ్ఱని అంగీతో సాంటిగ్లౌస్ వచ్చునప్పుడు, నల్లని ముసుగుతో వెంటవచ్చు ష్ముట్స్‌లి చేతిలో అట్టి బెత్తముండును. పిల్లలు ఒక పద్యము అప్పగించినచో అక్రోటుకాయలును నారింజలవంటి చిన్న పండ్లును ఇత్తురు. ఆ బెత్తము మా మనుష్యులకు వద్దని మనుమడు తీర్పు చెప్పెను.

నా చేతి మనిషికి మెడ సన్నమైపోయెను. ఎత్తి పళ్లెములో పెట్టగా తల ఒక ప్రక్కకు వాలెను. మరల చేయబోతిని. వదినగారు నా చేయి పట్టుకొని వద్దనిరి. గ్రుడ్డుసొన రెండుసార్లు పూసి, ఓవెనులో అర్ధగంటకు కొంచెము తక్కువ యుంచిరి. ఆ వాసన ఇల్లంతయు నిండినప్పుడు, క్రిస్మసుకు ముందు మా ఇంట అరిసెలు వండు రాత్రులు నాకు జ్ఞాపకము వచ్చెను. అమ్మాయి చిన్నదై యుండగా నా కొంగు పట్టుకొని మొదటి అరిసెకొరకు నిలువబడెడిది. తొమ్మిదేండ్లు ఆ అరిసెలు నేను ఒంటరిగా వండితిని. సగము పనివారికి పంచితిని.

చీకటి పడినపిమ్మట ఆ మెడ వాలిన మనిషిని తెల్లని గుడ్డలో చుట్టుకొని ముగ్గురమును ప్రక్కింటికి పోతిమి. తలుపు తీసిన అమ్మగారికి తొంబది ఏండ్లు దాటి యుండును. ఒంటరిగా నుందురు. అమ్మాయి నన్ను చూపి ఏదో చెప్పగానే ఆమె నా రెండు చేతులును పట్టుకొని విడువలేదు. ఆమె కన్నులు నిండెను. అమ్మాయి గొంతు వణకుచు ఆ మాటలు నాకు చెప్పెను: “తొమ్మిది సంవత్సరములు మీరు నన్ను మరువలేదు. అంతదూరమునుండి మీ పేర రొట్టె వచ్చినప్పుడెల్లను దేవుని స్తుతించితిని. ఎప్పుడైన మీ ముఖము చూపుమని అడిగితిని. ఇదిగో చూచితిని.”

పిమ్మట ఆమె గుడ్డ విప్పి చూచి నవ్వి, “తొమ్మిదేండ్లును మీ మనిషి తల నిక్కించి యుండెను. ఈ సంవత్సరము మెడ వంచినాడు” అనిరి.

చదువరీ, మెడ వంచవలసినది వాడు కాదని నేనెరుగుదును. నిలువబడిన చోటనే భూమి విచ్చినట్లయినది. నేను ఏనాడు రొట్టె పంపితిని? ఆమె ఎవరో ఏనాడు విచారించితిని? కాదని చెప్పుటకు నోరు తెరచితిని. వదినగారు చిన్నగా తల ఊపి వద్దనిరి. ఆ ముసలమ్మగారి సంతోషమును పగులగొట్టుటకు నాకును ధైర్యము లేకపోయెను.

ఇంటికి వచ్చి వంటగదిలో కూర్చుండి అమ్మాయి సంగతి అంతయు చెప్పెను. 2014 డిసెంబరులో, పెండ్లియైన మొదటి సంవత్సరము, వదినగారు పిండి కోయుచు నా పేర ఒక భాగము తీసి పెట్టిరట. అమ్మాయి ఏడ్చి, “మా అమ్మ రాదు, తినదు, ఎందుకు?” అనెనట. రానివారికి కూడ ఒకటి చేయుట తన తల్లి నేర్పిన వాడుక అని వదినగారు చెప్పిరట.

ఆ వాడుక యుద్ధకాలమునాటిది. 1939 సెప్టెంబరులో స్విట్జర్లాండు యుద్ధములో చేరకపోయినను పురుషులను పిలిచి సరిహద్దులలో కావలియుంచెను. బాసెల్ సరిహద్దుననే యున్న ఊరు. వదినగారి తండ్రియు కావలికి పోయెను. 1942 అక్టోబరు నుండి రొట్టెయు చీటీలమీద కొలత ప్రకారమే దొరుకుచుండెను. ఆ దినములలో కూడ వారి తల్లి నికొలా పండుగకు పిండి మిగిల్చి, పిల్లలకు వ్రేలెడేసి మనుష్యులను చేసి, తండ్రి పేర ఒకటి చేసెడిదట. సెలవు దొరికి అతడు వచ్చెనా, అతనిది. రాలేదా, వీధిలో అంతకంటె లేనివారి ఇంటికి దానిని తీసికొనిపోయి, “ఇది మావారు పంపినది” అని ఇచ్చెడిదట. యుద్ధము ముగిసిన తరువాత పుట్టిన వదినగారు ఆ మాట తల్లి నోట విని పెరిగిరి.

“వదినగారూ, అది అబద్ధము కాదా?” అని నేనడిగితిని. అడుగుటకు నాకేమి అర్హత యున్నదో ఎరుగను, అయినను అడిగితిని.

ఆమె చాలసేపు ఆలోచించి ఇట్లు చెప్పిరి: “పిండిలో మీ వంతు తీసి పెట్టితిని. అది మీదే, నాది కాదు. మీరు వచ్చి తీసికొనలేదు. పారవేయుటకు చేతులు రాలేదు. నేను తినుట న్యాయము కాదు. కాబట్టి మీ సొత్తును మీ పేరనే ఇచ్చితిని. ఏదో ఒక సంవత్సరము మీరు వచ్చి మీరే ఇత్తురని అనుకొంటిని.” అంతే. పెండ్లికేల రాలేదనిగాని, ఉత్తరమునకేల జవాబియ్యలేదనిగాని ఆ రాత్రియు అడుగలేదు.

నేనామె ఎదుట చేతులు జోడించితిని. మాటలు రాలేదు, వచ్చినను ఆమెకు తెలియవు. ఆమె నా తలను తన భుజమున పెట్టుకొనిరి. అల్లుడు మెట్లు దిగి వచ్చి, ఏమి జరిగినదో తెలియక గుమ్మమున నిలువబడెను. నేను లేచి వెళ్లి, “బాబూ, నన్ను క్షమించు” అంటిని. అతనికి ఆ తెలుగు మాట నేర్పియుండలేదు. అయినను తెలిసికొనెను.

ఆ రాత్రి నిద్రపట్టక ఆలోచించితిని. తప్పిపోయిన కుమారుని ఉపమానములో పెద్దవాడు కోపగించి ఇంటి బయట నిలిచెనుగదా. లోపల విందు జరుగుచుండెను. ఇన్నాళ్లు నేను నా కుమార్తెను తప్పిపోయినదనుకొంటిని. బయట నిలిచినదానను నేనే. నేను లోపలికి రానని పంతము పట్టియుండగా లోపలివారు నా పేరు కొట్టివేయలేదు. నా కుర్చీ తీసివేయలేదు. నా వంతు పిండిని నా పేర పొంగించి, కాల్చి, నాకు తెలియని ఒక ఒంటరి విధవరాలి ఆకలికి నా పేరుతోనే పెట్టిరి. నికొలా తన పేరు దాచుకొని ఇచ్చెనందురు. వదినగారు తన పేరును నా పేరు వెనుక దాచిరి. అది ఇంకను కష్టము. ఏలయనగా ఆ పేరుగలది తనను లక్ష్యపెట్టని మనిషి.

మన రక్షణయు ఇట్టిదే గదా అని నాకు తోచెను. మనము చేయని నీతి మన పేర వ్రాయబడినది. మనము దూరముగా నుండగానే మన వంతు తీసి పెట్టబడినది. ఈ సంగతి అరువది ఏండ్లుగా ప్రసంగములలో వినుచునేయుంటిని. ఒక ముసలమ్మ నా చేతులు పట్టుకొని నేను చేయనిదానికొరకు వందనములు చెప్పునంతవరకు దాని బరువు నాకు తెలియలేదు.

మరునాడు ఉదయమున అందరమును బల్ల చుట్టు కూర్చుంటిమి. మనుమడు చెప్పినట్లే తల మొదట కొరికెను. నేను నా మనిషిని విరిచి వెన్న పూసికొని తింటిని. మెత్తగా, కొంచెము తియ్యగా నుండెను. రొట్టె కంటె ఎక్కువ ఏమియు కాదు. కాని తొమ్మిదేండ్ల నా పట్టుదలకు ఆ రుచి తెలిసియుండినచో అది ఇన్నాళ్లు నిలిచియుండదు.

2024 ఫిబ్రవరిలో నేను ఇంటికి తిరిగి వచ్చితిని. వచ్చిన రెండవ దినమున పాత పెట్టె తెరచితిని. ఆ దేశమునుండి వచ్చిన ఉత్తరములను కొన్నిటిని తెరువకయే అందులో పడవేసిన జ్ఞాపకముండెను. వెదకగా ఒక కవరు దొరికెను. దానిమీది ముద్ర 2016 డిసెంబరుది, వ్రాత అమ్మాయిది కాదు. లోపల ఒక కార్డు, వణకుచేతితో వ్రాసిన రెండు వాక్యములు, క్రింద కలముతో గీసిన చిన్న రొట్టె మనిషి. ఫోటో తీసి అమ్మాయికి పంపగా అర్థము చెప్పెను. మీ రొట్టెకు వందనములని మొదటి వాక్యము. సంవత్సరములో మిగిలిన ఉదయములన్నియు ఒంటరిగా తిందును, ఆ ఒక్క ఉదయము ఒంటరిగా లేనని రెండవది.

ఏడేండ్లకు పైగా ఆ కృతజ్ఞత నా ఇంటనే, నా పెట్టెలోనే యుండెను. నేనే తెరువనైతిని.

ఆ సంవత్సరము క్రిస్మసుకు అరిసెలు వండునప్పుడు నేను ఒక పళ్లెము అధికముగా పెట్టితిని. పొలము గట్టు విషయమై నాతో మాటలాడని దగ్గర బంధువు ఒకరు కలరు. వారి పేర ఆ పళ్లెమును వీధి చివర ఒంటరిగానున్న తాతగారికి పంపితిని. ఆ బంధువుకు ఈ సంగతి ఇంకను తెలియదు. తెలియవలసిన దినమున ప్రభువే తెలియజేయును. ఒకటి మాత్రము నేను నేర్చుకొంటిని. ఒకరి పేర మంచిపని చేసిన చేతులతో మరల వారిమీద కోపము పట్టుకొనుట మిక్కిలి కష్టము.

ప్రియ చదువరీ, నీ ఇంట ఈ పండుగకు పిండి కలుపునప్పుడు లెక్క చూచుకొనుము. ఉన్నవారెందరు? రానివారెవరు? రాననినవారెవరు? వారి వంతు తీసి పెట్టితివా? ఒకవేళ నీవే బయట నిలిచినదానవో, నిలిచినవాడవో అయితే, లోపల బల్లమీద నీ పేర ఒక భాగము పొంగుచునే యుండవచ్చును. నీకు తెలియకయే నీ పేర ఎవరో వందనములు పొందుచుండవచ్చును. ఆలస్యము చేయకుము. లోపలికి పొమ్ము.

దేవా, మేము చేయని మేలును మా పేర వ్రాసిన నీ కృపను మేము గ్రహించునట్లు చేయుము. మెడ వంచుటకు మాకు నేర్పుము. ఆమేన్.